వైద్యుని చిత్రరథము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. సహకార సంఘమున లెక్కలు వ్రాయుచు ముప్పది యేండ్లు గడపినవాడను. మా తాతగారును తండ్రిగారును ఈ యూరి కరణములు. 1984లో ఆ పదవులు రద్దగుటతో మా యింట కరణీకము ముగిసినది గాని, లెక్క మాత్రము మమ్ము వదలలేదు. భారత భాగవతములను నేను గురుముఖమున చదివినవాడను గాను. తాతగారి పెట్టెలోని ప్రతులను ముందు పెట్టుకొని నిఘంటువు సాయమున కూడబలుకుకొంటిని. కనుక నా మాటలలో దోషములున్న పెద్దలు మన్నింతురుగాక.

నేడు నేను చెప్పబోవునది హ్యూస్టను నగరమున కన్నులార చూచిన యొక బండిని గూర్చియు, దానిని నిర్మించిన వైద్యుని గూర్చియు. గ్రంథాలయోత్సవమున బండి ప్రసంగమేల యని మీరడుగవచ్చును. తుదకు వచ్చుసరికి ఆ సంబంధము తేటపడును. నా తప్పొకటి కూడ బయటపడును.

2023వ సంవత్సరము మార్చి నెలలో మా అమ్మాయి పురిటికై నేనును నా భార్యయు హ్యూస్టనునకు పోతిమి. బయలుదేరు ముందు మన కార్యవర్గమువారు నా చేతికొక రసీదు పుస్తకమిచ్చిరి. గ్రంథాలయపు కప్పు వానకు కారుచున్నది, మన యూరి డాక్టరుగారచ్చటనే యున్నారు, వారిని చందా యడిగి రమ్మనిరి. ఆ డాక్టరుగారు మా తండ్రిగారి బాల్యమిత్రులు. నేను వారిని బాబాయిగారని పిలుతును. వారు గుంటూరులో వైద్యవిద్య ముగించి 1975లో అమెరికా వెళ్ళిరి. 1965లో ఆ దేశమువారు తమ వలస చట్టమును మార్చిన పిమ్మట మన వైద్యులనేకులకా ద్వారము తెరువబడినది. ఆ త్రోవను పోయినవారిలో వీరొకరు.

హ్యూస్టను వైద్యమునకు పెట్టినది పేరు. 1945లో స్థాపితమైన టెక్సాస్ మెడికల్ సెంటరు అచ్చట కలదు. 1969లో డెంటన్ కూలీ అను శస్త్రవైద్యుడు పూర్తి కృత్రిమ హృదయమును మొట్టమొదటిసారిగా మానవదేహమున అమర్చినది ఆ యూరనే. ఆ కూలీగారే తోడి వైద్యులతో కూడి ‘హార్ట్‌బీట్స్’ అను వాద్యబృందమున పెద్ద తంత్రీవాద్యము వాయించెడివారట. ఎంతటి వైద్యునకైనను వైద్యమొక్కటియే చాలదనుటకిది నిదర్శనము.

మా బాబాయిగారిది మత్తువైద్యము. శస్త్రచికిత్సకు ముందు రోగిని నిద్రపుచ్చుట, కత్తి పనిచేయునంతసేపును ఊపిరిని నాడిని కనిపెట్టియుండుట, పని ముగిసినంతనే మేల్కొలుపుట వారి విధి. 2014లో విశ్రాంతి పొందిరి.

నేను వారింటికి పోయిన దినమున వారు నన్ను లోపలికి గాక తిన్నగా కారు నిలుపు కొట్టములోనికి కొనిపోయిరి. అచ్చట చూచినదానికి నాకు నోట మాట రాలేదు. ఇరువదియేండ్లనాటి టొయోటా కారొకటి మన గూడుబండి వేషము ధరించి నిలిచియుండెను! పైన వెదురుబద్దల గూడు. చక్రములమీద ఆకులు దిద్దిన చెక్కబిళ్ళలు. ముందు భాగమున ఒంగోలు గిత్తల మోములు రెండు, మెడలలో గంటలు. ఇక బండి ఒడలంతయు ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ బిళ్ళలతో తీర్చిన ముగ్గులు. దగ్గరకు పోయి చూడగా అవి మందు సీసాల మూతలమీద నుండు ప్లాస్టిక్ బిళ్ళలు. సూది గ్రుచ్చుటకు ముందు వానిని ఊడదీసి పారవేయుదురు. బాబాయిగారితో పనిచేసిన నర్సులు ఏండ్ల తరబడి వానిని డబ్బాలలో కూడబెట్టి యిచ్చిరట.

నా బుద్ధి వెంటనే లెక్కకు పోయినది. బిళ్ళ అడ్డము రెండు సెంటీమీటర్లు. చదరపుటడుగునకు సుమారు 225 పట్టును. బండిమీద నూరు చదరపుటడుగులకు తక్కువ లేదు. ఇరువదిరెండు వేలకు పైమాటయే. ఆ మాట నేను పైకి చెప్పగా వారు నవ్వి, “కరణాల రక్తం ఎక్కడికి పోతుంది అబ్బాయ్!” అనిరి.

నిజము చెప్పవలెనన్న నాకా బండి నచ్చలేదు. మనస్సులో కోపమే కలిగినది. ఇంత చదివినవాడు, ఇంత సంపాదించినవాడు, ఈ వయస్సున బొమ్మలబండి కట్టుకొని యాడుచున్నాడు, ఇచ్చట మా పుస్తకములు తడియుచున్నవి అనుకొంటిని. రసీదు పుస్తకము సంచిలోనుండి తీయుటకే మనసొప్పలేదు.

“ఈ వెఱ్ఱి మీకొక్కరికేనా?” అని యడిగితిని. “వచ్చే శనివారం నాతో రా, చూద్దువు గాని” అనిరి.

ఇచ్చట ఆ నగరపు చరిత్ర కొంత చెప్పక తప్పదు. హ్యూస్టనులో జెఫ్ మెక్‌కిసాక్ అను తపాలా బంట్రోతు ఉండెను. ఆయనకు నారింజపండన్న ఎనలేని భక్తి. 1956 మొదలు 1979 వరకు ఇరువదిమూడేండ్లు తన స్థలములో, పారవేసిన ఇనుము, పెంకులు, బండిచక్రములు తెచ్చి, ఒంటిచేతితో ‘ఆరెంజ్ షో’ అను వింత కట్టడమును లేపెను. దేశమంతయు చూడ వచ్చునని యాశించెను. 1979లో తలుపులు తెరచెను. జనము ఆశించినట్లు రాలేదు. మరుసటి యేడు జనవరిలోనే ఆయన మరణించెను. పిమ్మట మర్లిన్ ఆష్‌మన్ అను నామె పూనుకొని, పలువురను చేర్చి, ఆ కట్టడమును నిలిపి, దానికొక సంస్థను కల్పించెను. 1984లో జాకీ హారిస్ అను చిత్రకారిణి ఒక పాత ఫోర్డు బండికి ప్లాస్టిక్ పండ్లనతికించి ‘ఫ్రూట్‌మొబైల్’ అని పేరు పెట్టినది. ఆ సంస్థ నీడననే 1988లో నలుబది బండ్లతో తొలి ఊరేగింపు జరిగినది. ఇప్పుడేటేట ఏప్రిల్ నెలలో రెండువందల యేబదికి పైగా బండ్లు వచ్చును. వీనిని వారు ఆర్ట్ కార్లందురు. ఒంటరిగా కట్టినవాడు ఒంటరిగానే పోయెను. ఆయన విడిచినదానిని పదిమంది పట్టుకొనగా అది యూరి పండుగయైనది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

శనివారము నేనా గూడుకారులో ముందు పీటమీద కూర్చుంటిని. ఆలెన్ పార్క్‌వే అను విశాలమైన బాట, ప్రక్కన బఫెలో బయూ అను ఏఱు. ఇరువైపుల జనము తీర్థమువలె కిక్కిరిసియుండెను. మా ముందొక బండి చేపయై పోవుచున్నది, వెనుక నొకటి కుందేలై వచ్చుచున్నది. బడిపిల్లలు కట్టినవి కొన్ని, చేయి తిరిగిన శిల్పులు కట్టినవి కొన్ని. ధనికుడు బీద యను తేడా కానరాలేదు. ఏలననగా అచ్చట ఖరీదైన బండికి విలువ లేదు, కష్టపడిన బండికే విలువ. కోటప్పకొండ తిరునాళ్ళలో పదుల అడుగుల ఎత్తున వెదురు ప్రభలు కట్టుకొని ఊళ్ళవారందరు తరలివచ్చుట నాకు తలపునకు వచ్చినది. అప్పటివరకు వెఱ్ఱియని తోచినది అప్పుడు మన వెఱ్ఱివలెనే తోచినది.

బండ్లు నిలిచినపుడెల్ల జనము దగ్గరకు వచ్చి ఆ బిళ్ళలను తడిమి చూచిరి. ఇవేమని యడిగిరి. బాబాయిగారు చెప్పగానే, ముసలివారు మొదలు పిల్లలవరకు, “నాకును ఆపరేషనైనది” అని తమ తమ కథలు చెప్పసాగిరి. ఒకామె మోకాలు చూపెను, ఒకడు చొక్కా తొలగించి రొమ్ముమీది మచ్చ చూపెను. బాబాయిగారు ప్రతి కథయు తొలిసారి వినుచున్నట్లు వినిరి.

తిరిగి వచ్చుచు వారు చెప్పిన మాటలు నేను మరువలేను.

“అబ్బాయ్! ముప్పైతొమ్మిదేళ్ళు మనుషుల మధ్యే పనిచేశాను. కాని ఒక్కరూ నాతో మాట్లాడలేదు. ఒకటి నుంచి పదిదాకా లెక్కపెట్టమనేవాణ్ణి. అయిదు దాటకుండా నిద్రపోయేవారు. మేలుకున్నాక వాళ్ళకి సర్జను పేరు గుర్తుంటుంది, నా ముఖం గుర్తుండదు. అది తప్పు కాదు, ఆ పని తీరే అంత. కాని రిటైరయ్యాక ఆరు నెలలు ఇంటి గంట మోగలేదు. అప్పుడర్థమైంది, నాకు నిద్రపోయే మనుషులే తెలుసు, మెలకువగా ఉన్నవాళ్ళెవరూ తెలియదని.”

బండి నడుపు చక్రమునకెదురుగా, వారికి మాత్రమే కనబడు చోట, బూడిదరంగు బిళ్ళలు ఏడు వరుసగా నున్నవి. నేను వానివైపు చూచుట గమనించి, “అవి మేలుకోనివాళ్ళవి” అనిరి. మరి నేనేమియు నడుగలేదు.

ఆ బండి నిర్మాణమున వారు పడిన పాట్లు కూడ వినదగినవి. మొదటి యేడు మామూలు జిగురుతో బిళ్ళలనతికించిరట. హ్యూస్టను వేసవి మన పల్నాటి ఎండకేమియు తీసిపోదు. జూన్ నెలలో జిగురు కరగి, బాట పొడుగునను బిళ్ళలు రాలిపోయినవి. పొరుగింటి పదునారేండ్ల బాలిక చూచి, “రంగుమీద అతికిస్తే ఎట్లా నిలుస్తుంది? ముందు గరుకు కాగితంతో రుద్దాలి, స్పిరిటుతో తుడవాలి, ఆరుబయట పనికివచ్చే సిలికాన్ జిగురు వాడాలి” అని చెప్పినదట. వైద్యుడామెకు శిష్యుడైనాడు. ప్రక్కయింటి మెక్సికో దేశపు వృద్ధుడు, వెల్డింగు పనిలో ఆరితేరినవాడు, గూటిని నాలుగు ముక్కలుగా ఊడదీసి బిగించునట్లు అమర్చియిచ్చెను. పైన బరువెక్కువైన మలుపులలో బండి ఊగునని చెప్పి, సగము చెక్క తీయించి వెదురు పెట్టించినది ఆయనయే. దీపములు, అద్దములు, నంబరు పలక కప్పబడకుండ చూచు భారమొక నర్సు తీసుకొన్నది. భర్త పోయిన యొక ముసలమ్మ గిత్తలకు పట్టుగౌనులు కుట్టినది. ప్రతి శనివారము మధ్యాహ్నము కొట్టము తలుపు పైకెత్తి యుంచెడివారు. పిలువకయే జనము వచ్చెడివారు. పిన్నిగారు పులిహోర కలిపిపెట్టెడిది. తొలుత “పెద్ద డాక్టరు, పిల్లచేష్టలు” అని నవ్విన మనవారు కూడ తరువాత పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి పని పంచుకొనిరి.

ఇట్టి బండ్లు మన నేలకును క్రొత్త కాదు. హైదరాబాదులో సుధాకర్ గారు క్రికెట్టు బ్యాటు, వంకాయ, చెప్పు ఆకారములలో నడుచు కార్లను నిర్మించి, 2010లో వానికొక ప్రదర్శనశాలనే తెరచిరి. ఇక దక్షిణ అమెరికాలో అర్జెంటీనా దేశస్థుడు రౌల్ లెమెసాఫ్ 1979 నాటి ఫోర్డు ఫాల్కన్ బండిని యుద్ధశకటమువలె మలచి, దాని ఒడలంతయు అరలు గావించి, సుమారు 900 పుస్తకములు నింపి, వీథులవెంట ఉచితముగా పంచెను. ఈ సంగతి బాబాయిగారు చెప్పినంతనే నాకు సంచిలోని రసీదు పుస్తకము గుర్తునకు వచ్చినది.

వారింటికి చేరగానే ధైర్యము తెచ్చుకొని అంటిని: “బాబాయిగారూ! ఈ బండికైన సొమ్ముతో మన గ్రంథాలయపు కప్పు రెండుమార్లు వేయింపవచ్చును.”

వారు కోపింపలేదు. “కప్పుకి డబ్బిస్తాను, రసీదు రాయి. కాని ముందు నాకో లెక్క చెప్పు. 2009లో నేను పంపించిన పుస్తకాలెన్ని?”

“నాలుగువందల పన్నెండు.”

“ఇప్పుడెన్ని ఉన్నాయి?”

“నాలుగువందల పన్నెండు. ఒక్కటియు పోలేదు” అని గర్వముతో చెప్పితిని.

“సంతోషం. ఎందరు చదివారు?”

నేను మాటాడలేదు.

“బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

సభ్యులారా! ఆ తాళపుచెవి నా మొలత్రాటికి కట్టబడియుండెను. సముద్రములు దాటి హ్యూస్టను వరకు నాతోనే వచ్చియుండెను. నేను లేని నెలలలో ఇచ్చట ఎవరైన ఆ పుస్తకములడిగినను తెరచువాడు లేడు. కోశాధికారిగా నేను చేసిన నిర్వాకమిది. పుస్తకము పోవునేమో యను భయమున పాఠకుని పోగొట్టుకొంటిని. లెక్క సరిపోయినది గనుక ధర్మము నెరవేరినదని భ్రమించితిని. నేను కూడ మనుష్యులను బాకీల దినముననే గాని యెరుగనివాడను. ఆయన తన రోగులను నిద్రలో కాచెను, నేను పుస్తకములను నిద్రపుచ్చితిని. ఆయన వారిని మేల్కొలిపెను, నేనా పని చేయలేదు.

ఆ రాత్రి ఆదిపర్వములోని అంగారపర్ణుని కథ నాకు తోచినది. ఆ గంధర్వునకు చిత్రరథుడని పేరు. విచిత్రమైన రథము కలవాడగుట వచ్చిన పేరది. ఈ వేళ ఈ గంగ నాది, ఎవరును దరికి రారాదని పాండవుల నడ్డగించెను. అర్జునుని ఆగ్నేయాస్త్రమున ఆ రథము దగ్ధమైనది. ఆ పిమ్మటనే ఆయన అర్జునునకు మిత్రుడై, విద్య నిచ్చి, గుఱ్ఱముల నిచ్చెను. రథము తనదని కాచుకొన్నంతవరకు ఆయనకు మైత్రి లేదు. నాకు తగిలిన ఆగ్నేయాస్త్రము తాళపుచెవిని గూర్చిన ఆ యొక్క ప్రశ్నయే.

ఆగస్టులో తిరిగి వచ్చితిని. డాక్టరుగారి సొమ్ముతో కప్పు బాగుపడిన సంగతి మీరందరెరుగుదురు. ఆ పిమ్మట జరిగినది కూడ మీరెరిగినదే. కాని గ్రంథస్థము చేయుటకై చెప్పుచున్నాను. ట్రాక్టర్లు వచ్చిన నాటినుండి చావడి వెనుక ఎండకెండి వానకు తడిసి పడియున్న పాత యెడ్లబండిని మన వడ్రంగి మేస్త్రి సరిచేసెను. ఆయన కూలి తీసుకొనలేదు. ఉన్నత పాఠశాల బాలికలు రంగులు వేసి ముగ్గులు దిద్దిరి. పందెములకై గిత్తలను పెంచు రైతొకడు ఆదివారము పూట జత నిచ్చుటకొప్పుకొనెను. బండికి అరలమర్చి, బీరువాలోని పుస్తకములనెక్కించితిమి. అది మూడు శివారు పల్లెలకు పోయి వచ్చుచున్నది.

ఇందు క్రొత్తదనమేమియు లేదు. 1931లో మన్నార్‌గుడిలో ఎడ్లబండి గ్రంథాలయము నడచినది. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవపై పుస్తకములనెక్కించి కాలువగట్టు గ్రామములకు పంపిరి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన పెద్దలు పుస్తకమును తాళము వేయుటకు గాక, తలుపు తట్టుటకే ఉద్దేశించిరి. మనము ఆ త్రోవను మరచితిమి. మరల జ్ఞాపకము చేసినవాడు దూరదేశపు మత్తువైద్యుడు.

ఇందొక మాట స్పష్టముగ చెప్పవలెను. వృత్తి ముగిసినవారు పురాణము వినుచు కాలము గడుపుటలో దోషము లేదు. కాని వారి చేతులలో నలుబదియేండ్ల ఓర్పు, శ్రద్ధ నిలిచియుండును. బాబాయిగారికి బొమ్మలు గీయుట రాదు. వారికి వచ్చినది కనిపెట్టియుండుట. ఆ గుణముననే ఇరువదిరెండు వేల బిళ్ళలు నిలిచినవి. ఏ విద్యయు పదవితో రద్దు కాదు. దానిని పదిమందిలో పెట్టుటకొక నెపము కావలెను. వారికి బండి నెపమైనది. మన యూర విశ్రాంతి పొందిన ఉపాధ్యాయులున్నారు, నర్సమ్మ యున్నది, కుట్టుపని మానిన దర్జీ యున్నాడు. మీ ఇంటి గంట మ్రోగుటలేదని చింతింపకుడు. ఆదివారము ఉదయము చావడికి రండు. బండికి పని యెప్పుడు నుండును.

తుదకు కోశాధికారిగా నా లెక్క నేనొప్పగింపవలెను. గత సంవత్సరమున బండినుండి పుస్తకములు 1,306 మార్లు ఎరువు పోయినవి. చిరిగినవి పందొమ్మిది. తిరిగి రానివి పదునొకటి. ఇరువదియైదేండ్లలో నేను వ్రాసిన పద్దులలో ఈ పదునొకటి యను అంకెయే నాకు మిక్కిలి ప్రియమైనది. అవి ఎవరి యింటనో చదువబడుచున్నవని నా నమ్మకము.

వృద్ధాప్యము వలన డాక్టరుగారీ ఉత్సవమునకు రాలేకపోయిరి. మా అమ్మాయి చేత ఒక డబ్బా రంగుబిళ్ళలు పంపిరి. బాలికలు వానిని బండి గూటికి ముగ్గుగా అతికించిరి. గరుకు కాగితముతో రుద్ది, స్పిరిటుతో తుడిచి, సిలికాన్ జిగురుతోనే సుమా! ఆ ముగ్గు నడుమ ఇనుప వస్తువొకటి మీకు కనబడును. అది బీరువా తాళపుచెవి. దానినచ్చట నతికించినవాడను నేనే. ఎండకు రాలునేమో యని నిత్యము తడిమి చూచుచున్నాను, ఇంతవరకు గట్టిగనే యున్నది.